అభ్రకానికి బదులు

కుక్కరు ఎత్తితే గట్టు కూడా లేచొచ్చింది.

గట్టంటే గట్టు కాదు, వారం కిందట దాని మీద వేసిన తెల్లరంగు. 2023 నవంబరు 12, దీపావళి రాత్రి. పదకొండున్నర దాటింది. భోజనానికొచ్చిన వాళ్ళంతా వెళ్ళిపోయారు. పప్పు కుక్కరు ఖాళీ చేసి సింకులో పడేద్దామని మా అమ్మాయి రెండు చేతులతో ఎత్తింది. పెళ్ళున ఏదో ఊడిన చప్పుడు. అప్పడమంత తెల్లటి పొర కుక్కరు అడుగును కరుచుకుని పైకొచ్చింది. గట్టు మీద అంతే గుండ్రంగా పాత బాదంపప్పు రంగు బయటపడింది.

కుక్కరు ఎక్కడ దించాలో తెలియక అట్టాగే పట్టుకుని నిలబడింది పిల్ల.

"ఇదేందమ్మా?" అంది.

నేనేం చెప్పేది? తొందరపెట్టినదాన్ని నేనే.

సిన్సినాటి అనే ఊరు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంది. దాని శివార్లలో మా అమ్మాయీ అల్లుడూ ఆ ఏడాది ఆగస్టులో ఇల్లు కొన్నారు. పేర్లు రాయొద్దని ఇద్దరూ నా చేత మాట తీసుకున్నారు, రాయను. నేను పక్కన లేనప్పుడు జరిగినవి వాళ్ళు చెప్పగా విని రాస్తున్నవే. మాది గూడూరు. అల్లుడిది వరంగల్. ఆరు నెలలు ఉండి రమ్మని సెప్టెంబరులో నన్ను పిలిపించుకున్నారు.

ఇల్లు 1984లో కట్టింది. గోడలు, కప్పు దిట్టంగా ఉన్నాయి. వంటగది చూస్తేనే ప్రాణం ఉసూరుమనేది. ఓక్ కర్రతో చేసిన కబోర్డులు, వాటి మీద నలభై ఏళ్ళ నాటి వార్నీషు. పాత బెల్లం రంగు. గట్టేమో సన్‌మైకాలాంటి బాదంపప్పు రంగు రేకు, దాని అంచున మళ్ళీ ఓక్ పట్టీ. అంతా మార్పించడానికి ఒకాయన వచ్చి కొలతలు తీసుకుని 31,000 డాలర్లు అన్నాడు. పోనీ తలుపులకి రంగు మాత్రం వేసి పెట్టమంటే ఇంకొకాయన 5,200 అన్నాడు. ఆ ఏడు అప్పు తీసుకున్న వాళ్ళకే తెలుస్తుంది ఆ అంకెల బరువు. 2021లో ఇంటి అప్పు మూడు శాతానికి అటూ ఇటూగా దొరికేదట. వీళ్ళు సంతకం పెట్టేసరికి ఏడు దాటింది. అక్టోబరు ఆఖరి వారంలో అక్కడి సగటు 7.79 శాతానికి పోయింది. ఇరవయ్యేళ్ళ పైబడి అంత వడ్డీ ఎరగరు.

"రెండేండ్లు ఆగుదాం తియ్. వంట గాకుంట పోతదా?" అన్నాడు అల్లుడు.

"రెండేళ్ళు ఈ బెల్లప్పాకం చూస్తా కూచోవాలా? నేనే వేస్తా. దీపావళికి పిలుద్దాం అందర్నీ" అంది అమ్మాయి.

నాకు నమ్మకం లేదు. గూడూరులో మా వంటింటి సన్‌మైకా తలుపులకి ఓసారి రంగు వేయించాను. పనివాడు వచ్చిన గంటలో డబ్బా తెరిచాడు, సాయంత్రానికి ముగించాడు. చూడ్డానికి అద్దంలా ఉంది. నెల తిరక్కుండా పొయ్యి పక్క తలుపు మీద గోరు ఆనిస్తే చాలు, పొక్కు లేచేది. ఆ మాటే చెప్పాను.

"అతను కడిగాడా?" అంది.

"ఏం కడగడం? గుడ్డతో తుడిచాడు."

"అదేమరి" అంది. ఏదో కనిపెట్టినట్టు మొహం పెట్టింది కానీ, ఆ కడగడం ఏపాటి కడగడమో తనకీ అప్పటికి తెలియదు.

అక్టోబరు 14, శనివారం. 22 తలుపులు, 7 సొరుగులు ఊడదీశారు. ఏ తలుపు ఎక్కడిదో తెలియాలి కదా, బందు కూర్చునే గుంటలో పెన్సిలుతో నంబరు వేసి పైన టేపు అంటించే పని ఆరేళ్ళ మనవడికి ఇచ్చారు. రంగు ఆ గుంటలోకి పోదు కాబట్టి నంబరు చెరగదు. వాడు శ్రద్ధగానే వేశాడు. కాకపోతే 6 కింద గీత పెట్టాలని ఎవరూ చెప్పలేదు. తిరగేస్తే 9 అయింది. మూడు వారాల తర్వాత ఆ రెండు తలుపులతో గంటన్నర కుస్తీ పట్టారు మొగుడూపెళ్ళాలు. మరలన్నీ కోడిగుడ్ల అట్టలో గుంటకో జత పెట్టారు. తలుపులు నేలకి ఆనకుండా పెరుగు డబ్బాలు బోర్లించి వాటి మీద పరిచారు. అమెరికాలో తెలుగువాళ్ళింట్లో పెరుగు డబ్బాలకి కరువుండదు.

ఇక కడగడం. పొయ్యి పైన పొగ పీల్చే యంత్రం ఉంది, దానికి బయటికి గొట్టం లేదు. పీల్చిన పొగని జల్లెడ పట్టి మళ్ళీ మన మొహానే వదులుతుంది. నలభై ఏళ్ళుగా వేపుళ్ళ ఆవిరి ఎక్కడికి పోతుంది? కబోర్డుల నెత్తిన కూర్చుంది. దుమ్ము కలిసి తారయింది. మేమొచ్చిన రెండు నెలల తాలింపులు దానికి పై పూత. అమ్మాయి టి.ఎస్.పి. అనే పొడి తెచ్చింది. మన బట్టలసోడాకి పెద్దక్క లాంటిది, తొడుగుల్లేకుండా ముట్టుకుంటే చేతులు పగులుతాయి. బక్కెట్టు నీళ్ళలో కలిపి తలుపు రుద్దితే టీ డికాషను దిగింది. మళ్ళీ రుద్దితే మళ్ళీ డికాషను. పిడుల చుట్టూ అరచేయి తగిలే చోట మరీను. మూడు మార్లు సోడానీళ్ళు, రెండు మార్లు మంచినీళ్ళు పడ్డాక గాని వేలు పెట్టి లాగితే కీచుమనలేదు.

కుంకుడుకాయ రసంతో తలంటేటప్పుడు మా అమ్మ ఆ కీచు వినేదాకా వదిలేది కాదు. ఆ సంగతి చెప్తే పిల్ల నవ్వి, తర్వాత ప్రతి తలుపూ నా చేతికిచ్చి "అమ్మమ్మ పరీక్ష" అనేది. రెండు రోజులు అదే పని. రంగు డబ్బా మూత కూడా తియ్యలేదు. రంగు పనిలో రంగు వేసే భాగం ఎంత తక్కువో అప్పుడే నాకు మొదటిసారి అర్థమైంది. గూడూరు పనివాడి మీద కోపం కూడా అప్పుడే కొత్తగా వచ్చింది.

తర్వాత వారమంతా సాయంత్రాలు ఉప్పు కాగితం పట్టడం. వార్నీషు మొత్తం గీకక్కర్లేదు, మెరుపు చచ్చి మసకబారితే చాలు. ముందు 120 నంబరు, ఆపైన 220. పిల్లవాడున్న ఇంట్లో ఈ దుమ్ము మంచిదేనా అని అడిగాను. అల్లుడు అప్పటికే విచారించి పెట్టుకున్నాడు: అమెరికాలో ఇళ్ళ రంగుల్లో సీసం 1978లో నిషేధించారు, ఇల్లు అంతకంటే చిన్నది, పైగా ఇది రంగు కాదు వార్నీషు. అయినా ముక్కుకి గుడ్డ కట్టుకునే రుద్దారు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకు ముందు ఎనామిలు పూసిన తలుపులూ కిటికీలూ మన ఇళ్ళలో కోకొల్లలు. వాటిని పొడిగా రుద్దకండి, తడిపి రుద్దించండి. పసిపిల్లల్ని ఆ రోజు ఎవరింటికన్నా పంపండి.

21వ తేదీ ప్రైమరు. తెల్లగా, పాలమీగడలా పడింది. అమ్మాయి మొహం వెలిగిపోయింది. పొద్దున లేచి గరాజు తలుపు తీసి కేకేసింది. 22 తలుపుల మీదా పసుపచ్చటి చారలు. ఎవరో టీ ఒలకబోసినట్టు.

"కడిగింది సరిపోలేదేమో" అన్నాన్నేను.

"గట్ల కాదత్తమ్మా. ఇది లోపల్నించి వచ్చింది" అన్నాడు అల్లుడు.

నిజమే. ఓక్ కర్రలో టానిన్ ఉంటుంది. మన తంగేడు చెక్కలో, కరక్కాయలో ఉండేదే, తోళ్ళు పదును పెట్టేవాళ్ళు వాడేదే. నీళ్ళ ప్రైమరు తగిలితే అది కరిగి పైకి తేలుతుంది. ఎన్ని పూతలు వేసినా తేలుతూనే ఉంటుంది. దాన్ని ఆపేది షెల్లాక్ ప్రైమరు. షెల్లాక్ అంటే ఏమిటని అడిగితే పిల్ల ఫోను చూసి చదివింది, చదువుతూ చదువుతూ ఆగింది.

"అమ్మా, ఇది మన లక్క."

ఝార్ఖండ్ అడవుల్లో కొమ్మల మీద పురుగు పెట్టే లక్క. ఏటికొప్పాక బొమ్మల మీద నిగనిగలాడేదీ అదే. స్పిరిట్‌లో కరిగించి డబ్బాలో పోసి అమ్ముతున్నారు, అంతే. డబ్బా మూత తీస్తే ఇల్లంతా స్పిరిట్ వాసన. గరాజులో చలి కాచే పొయ్యి ఒకటుంది, దాన్ని ముట్టుకోవద్దని అల్లుడు తాడు కట్టేశాడు. "లక్క ఇంట్లో దీపం ముట్టిస్తే ఏమైతదో తెల్వదా?" అన్నాడు. వేసిన ముప్పావుగంటకే ఆరింది. తెల్లారి చూస్తే చార ఒక్కటి లేదు.

కబోర్డుల రంగు తనే ఎంచుకుంది. లేత ఆకుపచ్చ, బూడిద కలిసిన పచ్చ. నేను చీటీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. ఎందుకో తర్వాత చెప్తాను.

దసరా వెళ్ళింది. నెలాఖరుకి చలి దిగింది. పది డిగ్రీల కింద రంగు సరిగా పట్టదని డబ్బా మీదే ఉంది, అందుకని తలుపులన్నీ ఇంట్లోకి చేరాయి. మంచాల మీద తలుపులు, సోఫా మీద తలుపులు. మేం వాటి సందుల్లో పడుకున్నాం. లెక్క వేశాను: 22 తలుపులు, రెండేసి పక్కలు, పక్కకి నాలుగేసి పూతలు. 176 మార్లు చెయ్యాడాలి. గాడుల్లో కుంచె, చదునులో నురగ రోలరు. ప్రతి పూత తర్వాతా ఓపిగ్గా ఓ మారు ఉప్పు కాగితం. నవంబరు 4న బిగించడం మొదలుపెట్టారు. 6, 9 కథ అప్పుడే జరిగింది.

ఆ రోజు సాయంత్రం వంటగది చూసి నోట మాట రాలేదు. చిన్న దీపం పెట్టినట్టుంది. ముట్టుకోబోతే అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "ఆరింది గానీ ముదరలేదమ్మా. నెల పడుతుంది" అంది. ఆరడం వేరు, ముదరడం వేరు. చేతికి అంటకపోతే ఆరినట్టు. గోరు గుచ్చినా గుర్తు పడకపోతే ముదిరినట్టు. తలుపులు ఠపీమని మూసుకోకుండా మూలమూలకీ చిన్న రబ్బరు బిళ్ళలు అంటించింది.

అంత తెలిసిన పిల్ల గట్టు దగ్గర మర్చిపోయింది.

కబోర్డులు కొత్తవయ్యేసరికి గట్టు ముసలిదైంది. పాలరాయిలా కనిపించే రంగు ఒకటి డబ్బాల సెట్టుగా దొరుకుతుంది. కింద తెల్లరంగు, దాని మీద స్పాంజితో బూడిదరంగు గీరలు, పైన గాజులాంటి పూత. 5వ తేదీ ఆదివారం పొద్దున సింకు పక్క మూలన జానెడు మేర కడిగి, రుద్ది, పూసి చూసుకుంది. బాగా వచ్చింది. మిగతా గట్టంతా కూడా అలాగే రుద్దాలి. దుమ్ము వంటల్లో పడుతుందనీ, పొద్దుపోతోందనీ గట్టిగా రుద్దలేదు.

"ఇంకో వారం ఆగుదాం" అన్నాడు అల్లుడు.

"ఆదివారం పండగ పెట్టుకుని వారం ఆగడమేందయ్యా. పైపైన రుద్ది కానిచ్చెయ్యండి" అన్నది నేనే. ఒప్పుకుంటున్నాను.

ఆ మధ్యాహ్నమే మనవడు నేలమాళిగలోంచి ఒక ముక్క పట్టుకొచ్చాడు. పాత ఇంటివాళ్ళు వదిలిపెట్టిన రేకు, గట్టు వేసినప్పుడు మిగిలినది. వెనక అచ్చేసిన పేరు ఉంది. వాడు కూడబలుక్కుని చదివాడు: ఫార్మైకా.

"గీ కంపెనీది ఈ ఊరే అత్తమ్మా" అన్నాడు అల్లుడు. ఆ తర్వాత చెప్పింది విని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వెస్టింగ్‌హౌస్‌లో పనిచేసే డేనియల్ ఓకానర్, హెర్బర్ట్ ఫేబర్ అనే ఇద్దరు 1912లో ఒక రేకు తయారు చేశారు. అప్పట్లో కరెంటు యంత్రాల్లో తీగకీ తీగకీ మధ్య అభ్రకం పెట్టేవాళ్ళు. దాని ఖరీదు ఎక్కువ. దానికి బదులుగా వాడాలని చేసిన రేకు కాబట్టి 'ఫర్ మైకా'. మైకాకి బదులు. మరుసటేడు సిన్సినాటిలో సొంత కంపెనీ పెట్టారు. యంత్రాల్లోకని పుట్టిన రేకు తర్వాత బల్లల మీదికీ వంటగట్ల మీదికీ ఎక్కింది. మన సన్‌మైకా పేరులోనూ ఆ మైకాయే ఉంది, రేకులో మాత్రం అభ్రకం పొడి కూడా లేదు.

మా నాన్న గూడూరులో అభ్రకం కంపెనీ గుమాస్తా. మా ఊరి చుట్టూ సైదాపురం, రాపూరు దాకా గనులే. మా చిన్నప్పుడు షెడ్లలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని పలకల్ని రేకులు రేకులుగా విడదీసేవాళ్ళు. వాళ్ళ చీరలూ జుట్టూ దారి పొడవునా తళతళలాడేవి. నెల్లూరు అభ్రకానికి పేరు దాని ఛాయ వల్ల. లేత ఆకుపచ్చ, బూడిద కలిసిన పచ్చ. కబోర్డుల రంగు చీటీని నేను అంతసేపు చూసింది అందుకు. అమ్మాయి గనులు చూడలేదు, దానికి తెలిసి ఎంచుకున్నది కాదు.

మా నాన్న జీతం తెచ్చిన రాయికి బదులొచ్చిన రేకు మీద, ఆ రేకు కంపెనీ పుట్టిన ఊళ్ళో, ఆయన మనవరాలు తెల్లరంగు వేస్తోంది. "వెయ్యనీ" అనుకున్నాను. కొంచెం కసిగానే.

గాజుపూత బుధవారం, 8వ తేదీ రాత్రి వేసింది. మూడు రోజులకి తేలికగా వాడుకోవచ్చు, ఏడు రోజులకి పూర్తిగా వాడుకోవచ్చు అని కాగితంలో ఉంది. వేడి గిన్నెలు నేరుగా పెట్టొద్దని దాని కింద చిన్న అక్షరాలు. పండగ నాలుగో రోజున పడింది. ఇరవై మంది వచ్చారు. గట్టు చూసి పాలరాయే అనుకున్నారు, కొందరు గోటితో కొట్టి చూశారు. పులిహోర, గారెలు, రెండు కుక్కర్ల పప్పూ అన్నమూ. చెక్కబల్లలు వేసి పెట్టింది పాపం, ప్రతి గిన్నె కిందా వేసింది. రెండో విడత పప్పు దించేటప్పుడు ఎవరో సాయానికి వచ్చి, చోటు చాలక కుక్కరు గట్టు మీదే పెట్టారు. కుక్కరు అడుగు మరిగే నీళ్ళకంటే వేడి. మెత్తబడిన పూత అడుక్కి అంటుకుని, చల్లారి, అక్కడే బిగిసింది.

మిగతాది మొదట్లోనే చెప్పాను.

ఆ రాత్రి అమ్మాయి ఏడవలేదు. నేల మీద కూర్చుని, కొత్త తలుపుకి ఆనుకోబోయి, రంగు ముదరలేదని గుర్తొచ్చి ముందుకి జరిగి కూర్చుంది. అల్లుడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కబోర్డులు నిలబడ్డయి గద" అన్నాడు.

గట్టు మీద కుక్కరు వలయం ఒక్కటే కాదు. పులిహోర కలిపిన చోట పసుపు మరకలు రెండు. కిటికీ దగ్గరది ఎండ తగిలి వారం లోపే వెలిసిపోయింది. పసుపుకి రంగునిచ్చే పదార్థం వెలుగుకి నిలవదు, పసుపు బట్టలు నీడన ఆరేసేది అందుకే. ఫ్రిజ్ పక్క ఎండ పడదు, అక్కడి మరక అలాగే ఉండిపోయింది.

డిసెంబరులో అమ్మాయి ప్లాస్టిక్ పలక పుచ్చుకుని ఊడిన అంచు కింద దూర్చింది. చేరెడు పొర పాము కుబుసంలా వచ్చేసింది. ఇంకో చేరెడు. రెండు సాయంత్రాల్లో గట్టంతా వలిచేసింది, ఒక్క సింకు మూల తప్ప. మొదట జానెడు మేర రుద్ది పూసి చూసుకున్నదే, అది ఎంత గీకినా రాలేదు. అల్లుడు వేలు పెట్టి చూపించాడు. "నువ్వు రుద్దిన జాగ రాలే. రుద్దనిదే వచ్చింది."

నా తీర్పు అడిగితే, ముక్క అతికించినట్టున్న ఆ మూలే సాక్షి. గట్టు తలుపు లాంటిది కాదు. తలుపుని రోజుకి పదిసార్లు ముట్టుకుంటాం, గట్టు మీద కోస్తాం, దంచుతాం, కాలిన గిన్నె దించుతాం. మన వంట చేసుకునే ఇంట్లో, రోజూ కుక్కరు దిగే గట్టుకి రంగు వెయ్యొద్దంటాను. అద్దె ఇల్లనో, రెండేళ్ళ మాటేననో తప్పనిసరై వేసినా రుద్దకుండా వెయ్యొద్దు, ముదిరేదాకా పండగ పెట్టుకోవద్దు. కబోర్డులకైతే నిక్షేపంగా వేసుకోండి. సన్‌మైకా మీదైనా సరే. ముందు పొయ్యి పక్క తలుపు ఒక్కటి, దాని లోపలి పక్క మాత్రం కడిగి, రుద్ది, ప్రైమరు పూసి, రంగేసి, నెల ఆగి గోరు గుచ్చి చూడండి. పనివాణ్ని పెట్టుకుంటే "కడుగుతావా" అని మొదట అడగండి. ఆ మాటకి నవ్వితే ఇంకొకర్ని చూసుకోండి.

కబోర్డులకి అయిన ఖర్చు 438 డాలర్లు. గట్టుకి 184, అది నీళ్ళపాలు. తలుపులు నేను మార్చిలో తిరిగొచ్చేదాకా చెక్కు చెదరలేదు. ఇప్పటికీ అలాగే ఉన్నాయని అమ్మాయి ఫొటోలు పంపుతుంది. తెల్లరంగు వలిచాక బయటపడిన పాత రేకు మీద కుక్కరు పెట్టిన గుర్తు కూడా లేదు. పచ్చ తలుపుల పక్కన ఆ బాదంపప్పు రంగు బాగానే ఉందని అలాగే ఉంచుకున్నారు.

కుక్కరు అడుగున మాత్రం తెల్లటి వలయం ఇంకా ఉంది. ఇనప పీచుతో తోమినా పోలేదు.